అశోకవనమున వినిపించిన లోకోక్తి

కష్టము వచ్చినప్పుడు మనుష్యునికి అన్నిటికంటె ముందుగా చేరునది మాట. ధనసహాయము కొంత ఆలస్యముగా వచ్చును. దూరమున ఉన్న బంధువు రైలు దిగి వచ్చుటకు ఒక దినము పట్టును. ఔషధమునకై ఎవరో ఒకరు పరుగెత్తవలెను. మాట మాత్రము ఇరుగుపొరుగువారితో పాటు గడప దాటి లోనికి వచ్చి కూర్చుండును. ఆ మాట చల్లగా ఉండినచో మనస్సు కుదుటపడును. కానిచో ఉన్న గాయమునకు మరియొక గాయము తోడగును. కనుక సూక్తులను గూర్చి విచారించుట కేవలము పండితుల పని కాదు. ప్రతి గృహస్థునకు, ప్రతి గృహిణికి అది నిత్యము అవసరమైన విచారమే.

తెలుగువారి ఇండ్లలో మంచిమాటలకు కొరత ఎన్నడును లేదు. గోడమీది క్యాలెండరులో తిథివారనక్షత్రముల క్రింద ఒక సూక్తి ఉండును. పాఠశాలలో నల్లబల్ల పైఅంచున, తేదీ ప్రక్కన, 'నేటి సూక్తి' అని ఒక విద్యార్థి ప్రతి ఉదయమును సుద్దముక్కతో వ్రాయును. సత్రముల గోడలమీద, ఆలయమండపములలో, చివరకు లారీల వెనుక చెక్కలమీద గూడ నీతివాక్యములు కనబడును. ఇప్పుడు చేతిలోని ఫోనునందు తెల్లవారకముందే శుభోదయముతో గూడిన సూక్తులు పదియో పదునైదో వచ్చి పడుచున్నవి. పంపినవారు వానిని పూర్తిగా చదివిరో లేదో చెప్పుట కష్టము. భూలోకవైకుంఠమని కీర్తింపబడు శ్రీరంగము పేరు మన భాషలో నీతులతో చేరి, 'శ్రీరంగనీతులు' అను ఎత్తిపొడుపు మాటగా మిగిలినదనగా, ఆచరణ లేని నీతిబోధను మన పెద్దలు ఎంతగా ఏవగించుకొనిరో తెలియుచున్నది. పాపము, ఆ దివ్యదేశము చేసిన అపరాధ మేమియు లేదు.

ఏ ఊరిలోనైనను కనబడు ఒక దృశ్యమును తలంచుకొందము. ఒక ఇంటిలో చేతికి ఎదిగిన కుమారుడు మరణించెను. పది దినములలోపల ఆ తల్లిని పరామర్శించుటకు ఎందరో వచ్చిరి. ఒకరు పుట్టినవాడు గిట్టక తప్పదనిరి. ఒకరు ఋణానుబంధము తీరినదనిరి. మంచివారిని భగవంతుడు ముందుగా తనవద్దకు పిలుచుకొనునని మరియొకరు చెప్పిరి. ఇంకొకరు, స్వామి ఏమి చేసినను మన మేలునకే చేయునని చెప్పి, ఆ తల్లి అవునని తల ఊపువరకు ఎదురు చూచిరి. అందరును ఆ కుటుంబమునకు కావలసినవారే. ఎవరి మనస్సునను చెడు తలంపు లేదు. వారు చెప్పిన మాటలలో చాలవరకు పెద్దలు చెప్పినవే, శాస్త్రము అంగీకరించినవే. అయినను వారు వెళ్ళిన తరువాత ఆ తల్లి తలుపు దగ్గరకు వేసి, "వీరి పిల్లలు సాయంకాలము ఇంటికి వత్తురు గదా" అని మాత్రము అనెను.

సత్యమైన మాట, సద్భావముతో చెప్పిన మాట, ఆమెకు ఏల ములుకువలె నాటినది? మాట సత్యమగుట చాలదా? చాలనిచో దానికి ఇంకేమి కావలెను? ఈ ప్రశ్న చిన్నది కాదు. దీనికి ఉత్తరము వెదకదలచిన భక్తులు దూరము పోనక్కరలేదు. ఇంటింట పారాయణము చేయబడు సుందరకాండలోనే అది యున్నది.

శ్రీవైష్ణవసంప్రదాయమున శ్రీమద్రామాయణమునకు గల స్థానము అందరును ఎరిగినదే. భగవద్రామానుజులు తమ మేనమామయగు తిరుమలనంబి సన్నిధిని, తిరుమల కొండ దిగువన, ఒక సంవత్సరకాలము రామాయణార్థములను వినిరని గురుపరంపర చెప్పుచున్నది. చెరలో నున్న తల్లి యొక్క మహిమను చాటుటయే ఆ ఇతిహాసమునకు ప్రయోజనమని పిళ్ళై లోకాచార్యులు శ్రీవచనభూషణమున నిర్ణయించిరి. ఆ తల్లి చెరలో నున్న కథయే సుందరకాండ. 68 సర్గలు గల ఈ కాండను కష్టనివృత్తికై పారాయణము చేయుట మన ఇండ్లలో తరతరముల ఆచారము. ఎం.ఎస్. రామారావుగారు తేట తెలుగున గానము చేసిన తరువాత, సంస్కృతము రానివారి ఇండ్లలోను ఆ కథ నిత్యము వినబడుచున్నది. అయితే పారాయణము చేయువారు కూడ తరచుగా గమనింపని విశేషమొకటి ఇందు కలదు. ఈ కాండలో సూక్తులు పలుకువారు చాలమంది ఉన్నారు. హనుమ పలికెను, రావణుడు పలికెను, రాక్షసస్త్రీలు పలికిరి, జానకీదేవి పలికెను. అన్నియు లోకము ఒప్పుకొను మాటలే. ఫలము మాత్రము ఒక్కొక్క చోట ఒక్కొక్క విధముగా నున్నది.

మొదట హనుమ మాట. లంకలో రాత్రియంతయు వెదకి, రావణుని అంతఃపురమున ప్రవేశించి, మండోదరిని చూచి క్షణకాలము సీతయని భ్రమించి, వెంటనే ఆ భ్రమను దిద్దుకొని, ఎంత వెదకినను దేవి కనబడకపోగా ఆ మహావీరుడు కృంగిపోయెను. సముద్రము దాటి వచ్చిన శ్రమ అంతయు వ్యర్థమాయెనని తలంచెను. అప్పుడు దిగులు చెందకుండుటయే సకల శ్రేయస్సులకు మొదలని తనకు తానే చెప్పుకొని, మరల వెదకుట కారంభించెను. ఆ అంతఃపురములో అతడు అడుగిడని చోటు నాలుగు అంగుళములైనను మిగులలేదని మహర్షి చెప్పుచున్నాడు. ఇంతవరకు మనము సంతోషముతో విందుము. తరువాత జరిగినది మరచెదము. అంత ధైర్యము చెప్పుకొని వెదకినను సీతాదేవి కనబడలేదు. మంచిమాట చెప్పుకొన్నంతనే ఫలము చేతికి వచ్చునని వాల్మీకి చెప్పలేదు. పైగా రెండవ పర్యాయము కలిగిన నిరాశ మొదటిదానికంటె ఘోరమైనది. తాను రిక్తహస్తములతో మరలిపోయినచో శ్రీరాముడు జీవింపడు, ఆయన లేక లక్ష్మణుడు జీవింపడు, భరతశత్రుఘ్నులు, తల్లులు, సుగ్రీవుడు, తార, అంగదుడు, వానరసమూహము, ఇట్లు ఒకరివెంట ఒకరు నశింతురని ఊహించి, తానును ప్రాణములు విడువవలెనని తలంచునంతవరకు పోయెను.

బుద్ధిమంతులలో శ్రేష్ఠుడని మనము ప్రతిదినమును స్తుతించు ఆంజనేయునకే ఇట్టి ఘడియ వచ్చెను. కనుక అట్టి చీకటి ఏ ఇంటిలో ఎవరికి వచ్చినను అది సిగ్గుపడవలసిన విషయము కాదు. అప్పుడు హనుమను నిలబెట్టిన ఆలోచన చాల సాదాది. ప్రాణము విడుచుటలో దోషములు అనేకములున్నవి. బ్రతికియున్నవాడు ఎప్పటికైనను శుభమును చూడగలడు. ఇంతే. ఇందు వేదాంతరహస్య మేమియు లేదు. ఈ ఆలోచన కలిగిన పిదప అతని కన్నులు మరల పనిచేసెను. తాను ఇంకను వెదకని అశోకవనము ఒకటి కలదని అప్పుడు తోచెను. సీతారామలక్ష్మణులకును దేవతలకును నమస్కరించి అటు సాగెను. మొదటి సూక్తి అతనిచే పని చేయించెను. రెండవది అతనిని బ్రతికించెను. రెండింటిని తనకు తానే చెప్పుకొనెనని గుర్తింపవలెను. చెప్పినవాడును వినినవాడును ఒక్కడే యగుటచే ఆ మాటలో గర్వమునకు గాని, బలవంతమునకు గాని చోటు లేకపోయెను.

శింశుపావృక్షముపై దాగి అతడు చూచుచుండగా, తెల్లవారుజామున రావణుడు పరివారముతో వచ్చెను. ఇచ్చట మహర్షి చేసిన పని ఆశ్చర్యకరమైనది. రావణుని నోట అసత్యమును పలికించుట కవికి సులభము. వాల్మీకి అట్లు చేయక, సత్యమునే పలికించెను. యౌవనము ప్రవహించు నీరు వంటిదనియు, గడచిపోయినది మరలి రాదనియు రావణుడు సీతాదేవితో చెప్పెను. ఈ మాటను కాదనగలవా డెవడు? ఆళ్వారులును ఆచార్యులును దేహము అనిత్యమని వేయి విధముల బోధించిరి. అనిత్యము గనుక ఆలస్యము చేయక భగవంతుని ఆశ్రయింపుడనిరి. రావణుడు కూడ అనిత్యత్వమునే బోధించెను. అనిత్యము గనుక ఆలస్యము చేయక తనకు వశము కమ్మనెను. మాట ఒక్కటే. దానిని త్రిప్పిన దిక్కు వేరు. జానకి తనకును అతనికిని నడుమ ఒక గడ్డిపోచను ఉంచి సమాధానము చెప్పినది. లోకమున సూక్తి యెంతటిదైనను, పలుకువాని ప్రయోజనము చెడ్డదైనప్పుడు దానికి దక్కవలసిన గౌరవము ఆ గడ్డిపోచయే.

రెండు మాసముల గడువు పెట్టి రావణుడు వెడలిపోగా రాక్షసస్త్రీలు చుట్టుముట్టిరి. వీరిలో కొందరు తిట్టిరి, కొందరు చంపి తినెదమని బెదరించిరి. వినత అను నామె మాత్రము హితబోధ చేసెను. భర్తయందు నీవు చూపిన ప్రేమ చాలును, ఏ విషయములోనైనను అతి చేసినచో దుఃఖమే కలుగునని ఆమె చెప్పినది. అతి పనికిరాదని మనమందరమును పిల్లలకు చెప్పునదే గదా! కాని ఎవరి పాతివ్రత్యమునకు ఎవరు కొలత పెట్టుచున్నారు? దుఃఖపడువానితో 'ఇక చాలును' అనువారు సామాన్యముగా ఆ దుఃఖమును మోయనివారే యగుదురు. పరామర్శకు వచ్చిన బంధువులను రాక్షసులతో పోల్చుట అన్యాయమగును. వారికి ఆ ఉద్దేశము లేదు. అయినను వినత మాట ఒకసారి విన్న తరువాత, మూడవనాడే ఏడ్పు మానుమని ఒక తల్లితో చెప్పుటకు నోరు కొంచెము వెనుకాడును. ఆ మాత్రము వెనుకాడుట మంచిదే.

ఈ హితబోధలన్నియు విన్న జానకీదేవి దుఃఖము ఆపుకొనలేక పలికిన మాటలలో ఒక లోకోక్తి యున్నది. కాలము రానిదే స్త్రీకి గాని పురుషునికి గాని మృత్యువు లభింపదని పండితులు చెప్పు లోకవాదము నిజమేనని ఆమె వాపోయెను. శ్రీరాముని ఎడబాసి, ఇన్ని హింసలు పడియు తాను బ్రతికియుండుటయే అందుకు సాక్ష్యమని ఆమె భావము. మరణము కూడ అడిగినంతనే దొరకని వస్తువైనదని ఆ తల్లి దుఃఖించినది. తరువాత ప్రాణత్యాగమునకు గూడ సిద్ధపడినది. జ్ఞానులని పేరు వడసిన జనకుల వంశమున పెరిగిన ఆమెకు ఉపనిషద్వాక్యములు తెలియకపోవు. ఆ సమయమున నోటికి వచ్చినది మాత్రము లోకులు చెప్పుకొను మాట. దుఃఖము పండితులను కూడ లోకులలోనికి దింపును గాబోలు.

హనుమ పైనుండి ఇదంతయు వినెను. ఇప్పుడు అతడు ఏమి చేయవలెను? ఆమెను ఓదార్పకయే మరలిపోయినచో ఆమె ప్రాణములు నిలువవని అతనికి తెలియును. ఇంతకుముందే తనకు పనిచేసిన మంచిమాటలు రెండు అతనివద్ద సిద్ధముగా నున్నవి. దిగి వచ్చి, అమ్మా, దిగులు పడరాదు, బ్రతికియున్నవారు శుభమును చూతురు, అని చెప్పినచో సరిపోయెడిది. కొద్ది ఘడియల క్రిందట తన ప్రాణము నిలిపిన మాటయే అది. అయినను అతడు దానిని ఆమెకు చెప్పలేదు. ఈ చెప్పకపోవుటలోనే హనుమ యొక్క వివేకమంతయు ఉన్నది.

అతడు ముందుగా ఆలోచించినది ఏమి చెప్పవలెనని కాదు, ఏ భాషలో చెప్పవలెనని. పండితునివలె సంస్కృతమున పలికినచో, వేషము మార్చి వచ్చిన రావణుడని తలంచి ఆమె భయపడును. వానరరూపమున ఎదుట నిలిచినను బెదరును. కేక వేసినచో కాపలావారు మేల్కొందురు. ఇట్లు అన్ని విధముల యోచించి, సామాన్యమనుష్యులు మాటలాడుకొను భాషలో, ఆమె చెవికి మాత్రము వినబడునట్లు, మెల్లగా చెప్ప నిశ్చయించెను. తన పాండిత్యమే ఎదుటివారికి భయహేతువు కాగలదని గుర్తించిన పండితుడు హనుమ. ఆపదలో నున్నవారిని సమీపించువారు ఈ ఒక్క సర్గను, అనగా 30వ సర్గను, పలుమారు చదువదగును.

ఇక ఏమి చెప్పెను? ఉపదేశము చేయలేదు. కథ చెప్పెను. దశరథుడను రాజు ఉండెననియు, ఆయనకు రాముడను పెద్ద కుమారుడు కలడనియు, తండ్రిమాటపై అడవికి వచ్చెననియు, సీతను వెదకుచున్నాడనియు చెట్టు కొమ్మలలోనుండి మెల్లగా వినిపించెను. ఆమెకు తెలియని సంగతి అందు చాలవరకు లేదు. ఆమె ఎవరికై దుఃఖించుచున్నదో ఆయన పేరు, ఆయన నడత, ఆయన ప్రేమ మరియొకరి నోట వినబడినవి. పది మాసములుగా ఆ వనమున రామనామమును ప్రేమతో పలికిన కంఠము తన కంఠము తప్ప మరియొకటి లేదు. అట్టి చోట వినబడిన ఆ కథకు ఎంత బలముండెనో ఊహింపవచ్చును.

పైన చెప్పిన పరామర్శలో కూడ ఇట్టిదే ఒకటి జరిగెను. చివరిదినములలో వీధి చివరి ఇంటి ముదుసలి యొకతె వచ్చి, సూక్తి యేదియు చెప్పక, ఆ కుమారుడు ఒకనాడు సంతనుండి తన కూరల సంచిని మోసికొనివచ్చి ఇంటిలో దింపిన ముచ్చటను చెప్పెను. డబ్బు ఇయ్యబోగా నవ్వి వెళ్ళిపోయెనట. ఆ సంగతి తల్లికి తెలియదు. ఆమె ఏడ్చెను, ఏ సంచి యని అడిగెను, ఏనాడని అడిగెను, ఇంకొంతసేపు కూర్చుండి పొమ్మని ముదుసలి చేయి పట్టుకొనెను. అన్ని దినములలో ఆమె ఎవరినైనను కూర్చుండుమని అడిగినది అదే మొదలు.

అశోకవనములో శ్రీరాముడును లక్ష్మణుడును కుశలముగా నున్నారను వార్త వినిన జానకీదేవి అప్పుడు మరల ఒక లోకోక్తిని స్మరించెను. మనుష్యుడు ప్రాణములతో నున్నచో నూరేండ్లకైనను ఆనందము వానిని వెదకుకొనుచు వచ్చునని లోకులు చెప్పుకొను మాట ఎంత మంచిదో తనకు ఇప్పుడు తోచుచున్నదని ఆమె హనుమతో పలికెను. మన తెలుగులో 'బ్రతికియుంటే బలుసాకు తినవచ్చు' అనెడి సామెత దీనికి పేద చెల్లెలు. బలుసు మెట్టనేలలలో పెరుగు ముళ్ళపొద. కరవుకాలమున దాని ఆకు వండుకొని తిని ఎందరో ప్రాణములు నిలుపుకొనిరి. మన సామెత నూరేండ్ల ఆనందమును గూర్చి మాట ఇయ్యలేదు, ఈ పూటకు ఆకు ఉన్నదని చెప్పి ఊరకున్నది. అందువలననే కాబోలు, కరవు చూచినవారు దానిని నమ్మిరి.

ఈ రెండు లోకోక్తులను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక వింత తెలియును. 25వ సర్గలో, కాలము రానిదే ప్రాణము పోదని ఆమె దుఃఖించినది. 34వ సర్గలో, ప్రాణమున్నచో ఆనందము వచ్చునని సంతోషించినది. రెండింటికిని మూలమైన సంగతి ఒక్కటే: తాను ఇంకను బ్రతికియున్నది. మొదట అది శిక్షగా కనబడెను. తరువాత అదియే అనుగ్రహముగా కనబడెను. నడుమ ఆమెకు ఎవరును వేదాంతము బోధింపలేదు. ఆమె తలంపు తప్పని ఎవరును వాదింపలేదు. రాత్రి కూడ ఇంకను తెల్లవారలేదు. తన వారి కథ తెలిసిన ఒక్క ప్రాణి దగ్గరకు వచ్చెను, అంతే. మొదటి మాటను రెండవ మాటగా మార్చుకొనినది ఆమెయే. ఇట్టి మార్పు లోపలనుండి రావలెను గాని, వెలుపలినుండి ఒకరు తెచ్చి పెట్టునది కాదు.

ఆ సంతోషము కూడ నిలకడగా నుండెనా? లేదు. హనుమ మరికొంచెము దగ్గరకు రాగానే, వీడు రావణుడేమోయని ఆమెకు మరల అనుమానము కలిగెను. పట్టుకొన్న అశోకశాఖను విడిచి నేలపై కూలబడెను. రాముని లక్షణములు చెప్పుమని అడిగి, విని, ఆ తరువాత ఉంగరమును చూచినపుడు గాని ఆమె మనస్సు నిమ్మళింపలేదు. ఒకసారి ఓదార్పు పొందినవారు మరునాడు మరల ఏడ్చినచో, 'అంత చెప్పినను వీరికి ఎక్కలేదు' అని విసుగుకొనువారు ఈ ఘట్టమును తలంచుట మంచిది. హనుమ విసుగుకొనలేదు. తాను రామదూతనని నమ్మక తననే రావణుడని శంకించిన తల్లికి, అడిగినవన్నియు మొదటినుండి మరల చెప్పెను.

ఇచ్చట యుక్తివాదులు ఒక ఆక్షేపణ చేయవచ్చును. బ్రతికియున్నవానికి ఆనందము తప్పక వచ్చునను మాట నిజమా? రామాయణములోనే దశరథమహారాజు కలడు. రాముడు అడవికి పోయిన ఆరవ రాత్రి, నడిరేయిని, కుమారుని తలంచుచు మరణించెను. ఆయనకు ఏ ఆనందము ఎదురు వచ్చెను? రావణవధానంతరము ఆయన దివ్యవిమానమున వచ్చి కుమారుని కౌగిలించుకొనినది సత్యమే; కాని అది బ్రతికియున్నవానికి కలిగిన ఆనందము కాదు గదా. ఈ ఆక్షేపణ న్యాయమైనదే. దీనిని త్రోసివేయరాదు. లోకోక్తి గణితసూత్రము కాదు, అందరికిని అన్నివేళల చెల్లునని ఎవరును పూచీపడలేరు. జానకి కూడ అట్లు పూచీపడలేదు. ఆ మాట మంచిదని తనకు తోచుచున్నదని మాత్రమే చెప్పినది. అది సాక్ష్యము, వాగ్దానము కాదు. ఆపద గడచినవాడు నిలిచి వెనుకకు తిరిగి చెప్పినప్పుడు ఆ సాక్ష్యమునకు విలువ కలదు. ఆపదలో నున్నవానికి దానినే మరియొకడు వాగ్దానమువలె ఇచ్చినచో, చెల్లింపగల స్థోమత ఇచ్చినవానికి లేదు.

అట్లయినచో సూక్తులను నేర్చుట వ్యర్థమనరాదు. జానకికి ఆ మాట ఎక్కడనుండి వచ్చినది? హనుమ చెప్పలేదు. అశోకవనమున ఎవరును నేర్పలేదు. మిథిలలోనో, అయోధ్యలోనో, ఏ దాదియో, ఏ ముదుసలియో చెప్పగా విని, అక్కర లేని కాలమున చెవిలో పడి, అక్కర వచ్చినప్పుడు పైకి వచ్చినది. మన పిల్లలకు సుమతిశతకము, వేమన పద్యములు, దాశరథీశతకము అర్థము తెలియని వయస్సునందే కంఠస్థము చేయించుట ఈ కారణముచేతనే. ఏడేండ్ల బాలునికి సంసారనీతి ఏమి తెలియునని నవ్వువారు కలరు. వానికి అప్పుడు తెలియనక్కరలేదు. ధాన్యమును గాదెలో పోయువేళ ఎవరికిని ఆకలి ఉండదు. నలుబది ఏండ్ల తరువాత ఆసుపత్రి వసారాలోనో, తీరని అప్పు ముందరనో, ఒంటరిగా నున్న రాత్రియందో ఆ పద్యము దానంతట అదియే నోటికి వచ్చును. అప్పుడు అది ఎవరో చేసిన బోధవలె ఉండదు, తన మాటవలె ఉండును. క్యాలెండరులోని సూక్తికిని, నల్లబల్లమీది సూక్తికిని ఇంతకంటె ప్రయోజనము లేకపోయినను నష్టము లేదు.

జానకీదేవి నోట మూడవ సూక్తి ఒకటి యుద్ధకాండమున వినబడును. రావణుడు హతుడయ్యెనను వార్తను తెచ్చిన హనుమ, ఇన్నాళ్ళు ఆమెను హింసించిన రాక్షసస్త్రీలను చంపుటకు అనుమతి కోరెను. వినతయును వారిలో నుండియుండును. ఆమె సమ్మతింపలేదు. వారు రాజాజ్ఞకు లోబడిన దాసీలనియు, తన అనుభవము తన భాగ్యదోషమనియు చెప్పి, పూర్వకాలమున ఒక భల్లూకము పులితో చెప్పిన ధర్మమును వినిపించెను. వ్యాఖ్యాతలు ఆ కథను వివరించిరి. పులి తరుముగా ఒక వేటకాడు చెట్టెక్కెను. ఆ చెట్టుపై నున్న భల్లూకము, తనను ఆశ్రయించినవానిని క్రిందికి త్రోయుమని పులి ఎంత చెప్పినను వినలేదు. తరువాత భల్లూకము నిద్రించుచుండగా, పులి మాట విని వేటకాడు దానిని త్రోసెను. అది మరియొక కొమ్మను పట్టుకొని నిలిచి, ఇప్పుడైనను వానిని త్రోయుమని పులి చెప్పగా, అపరాధము చేయనివా డెవడును లేడు గనుక దయయే చూపవలెనని నిరాకరించెను. అడిగినను అడుగకపోయినను రక్షించు ఈ మాతృస్వభావమును తలంచియే పరాశరభట్టరు శ్రీగుణరత్నకోశమున ఆమెను అంతగా కొనియాడిరి.

ఇందు గమనింపదగిన సూక్ష్మము ఒకటి కలదు. అన్నియు కర్మఫలమను మాటను జానకి తన విషయమున తాను చెప్పుకొనినది. అదే మాటను, 'నీ కర్మము' అని, ఆ స్త్రీలలో ఎవరైనను ఆమెతో అనియుండినచో ఎంత క్రూరముగా ఉండెడిదో ఊహింపవచ్చును. ఎదుటివారి విషయము వచ్చినప్పుడు మాత్రము ఆమె భల్లూకము మాటను ఎన్నుకొనినది. అది ఎదుటివారి తప్పును తేలిక చేయు మాట. మనలో చాలమంది వాడుక దీనికి తలక్రిందుగా నున్నది. మన తప్పునకు లోకస్వభావమును, పరుల కష్టమునకు వారి కర్మమును కారణముగా చెప్పుదుము. 

ఇక నందిగ్రామము. పదునాలుగేండ్లు నిండిన మరునాడు అన్నగారు రాకపోయినచో అగ్నిలో ప్రవేశింతునని ప్రతిన పూనిన భరతుడు, జటావల్కలములు ధరించి, కృశించి, పాదుకలను సేవించుచు అచ్చట నుండెను. శ్రీరాముడు ముందుగా హనుమను పంపెను. ప్రభువు వచ్చుచున్నాడను మాట చెవిని పడగానే భరతుడు ఆనందముచే నేలకొరిగెను. తెప్పరిల్లి లేచి, హనుమను కౌగిలించి, కన్నీటితో తడిపి, లక్ష గోవులను, నూరు గ్రామములను కానుకగా ఇత్తుననెను. అటుపిమ్మట ఒక లోకోక్తిని పలికెను. ప్రాణములతో నున్న మనుష్యునికి నూరేండ్లకైనను ఆనందము రాకపోదని లోకులు చెప్పుకొను మాటయే. అశోకవనములో వదినగారు పలికినది భరతునికి తెలియదు. సముద్రమున కావల ఒకరు, సరయూసమీపమున ఒకరు, ఒకే చెరలో నున్నవారివలె, ఒకే మాటను దాచుకొనిరి. 

రెండు పర్యాయములును దానిని వినినవాడు హనుమ ఒక్కడే. ఆ మాటను గూర్చి అతడు అప్పుడును ఏమియు అనలేదు. రామునకును వానరులకును స్నేహమెట్లు కలిగెను, అంతయు చెప్పుమని భరతుడు అడుగగా, దర్భాసనముపై కూర్చుండి, అడవిలో జరిగిన కథను మొదటినుండి చెప్పనారంభించెను.